సైన్యంలో ఉంటూనే బిజినెస్ డిగ్రీ: క్రెడిట్ల లెక్క తెలుసుకుందాం



తొమ్మిది, పది తరగతుల పేరెంట్స్ మీటింగుల్లో ఈ మధ్య ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది. టైడా, అనంతగిరి, అరకు వైపు ఇళ్ల నుంచి మరీ ఎక్కువ. “మావాడు ఇంటర్ అవగానే అగ్నివీర్‌కి వెళ్తానంటున్నాడు మేడమ్. వెళ్తే డిగ్రీ ఆగిపోదా?” అని కొందరు దిగులు పడతారు. “ఆర్మీవాళ్లే డిగ్రీ ఇస్తారట కదా, ఇక చదువు బెంగ లేనట్టే కదా?” అని ఇంకొందరు ధీమాగా ఉంటారు.

ఈ రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది. సైన్యంలో చేరితే డిగ్రీ ఆగిపోనక్కర్లేదు. అలాగని యూనిఫాం వేసుకున్నంత మాత్రాన డిగ్రీ చేతికి రాదు. సగం డిగ్రీ ఉద్యోగంలో పొందిన శిక్షణ నుంచి వస్తుంది. మిగతా సగం పిల్లవాడే చదివి, పరీక్ష రాసి సంపాదించుకోవాలి. ఆ రెండో సగానికి కావలసిన అలవాటు బ్యారక్‌లో కాదు, ఇప్పుడు మన ఇంట్లో, మన తరగతి గదిలో మొదలవ్వాలి. అందుకే ఈ నెల ఈ విషయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

నాలుగేళ్ల తర్వాత ఏమిటి?

ముందుగా అగ్నిపథ్ లెక్క ఒకసారి చూద్దాం. ఈ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 జూన్ 14న ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల లోపు వాళ్లను, శిక్షణతో కలిపి నాలుగేళ్లకు తీసుకుంటారు. జీతం మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు. రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం ప్రతి నెలా ఒక నిధికి వెళ్తుంది. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. నాలుగేళ్లు పూర్తయ్యేసరికి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయలు ‘సేవానిధి’గా చేతికి వస్తాయి. దానిపై ఆదాయపు పన్ను లేదు. పెన్షన్, గ్రాట్యుటీ మాత్రం ఉండవు.

నాలుగేళ్లయ్యాక ఒక్కో బ్యాచ్ నుంచి గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారని పథకం ప్రకటనలో ఉంది. మిగతావాళ్లు ఇంటికి రావాలి. అంటే నలుగురు వెళ్తే ముగ్గురు 21 నుంచి 25 ఏళ్ల వయసులో తిరిగి మన మధ్యకే వస్తారు. మొదటి బ్యాచ్‌లు 2022 చివరలో, 2023 మొదట్లో శిక్షణలో చేరాయి. వాళ్ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి పూర్తి కావడం మొదలవుతుంది.

అప్పుడు ఆ అబ్బాయి ముందున్న దారులేమిటి? బ్యాంకు పీవో పరీక్షకు డిగ్రీ కావాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్‌కు డిగ్రీ కావాలి. మన ఏపీపీఎస్సీ గ్రూప్-1, గ్రూప్-2లకూ అంతే. ఎంబీఏ చేద్దామన్నా ముందు డిగ్రీ ఉండాలి. ఇరవై రెండేళ్ల వయసులో, చేతిలో డబ్బుతో, ఇంటర్ మెమో మాత్రమే ఉన్న అబ్బాయికీ, డిగ్రీ పూర్తిచేసిన అబ్బాయికీ తేడా అక్కడ తెలుస్తుంది. నాలుగేళ్లు తక్కువ కాలమేమీ కాదు. బయట ఉన్న తోటి పిల్లలు సరిగ్గా ఆ కాలంలోనే డిగ్రీ ముగిస్తారు.

క్రెడిట్ అంటే ఏమిటి?

మన తరంలో డిగ్రీ అంటే మూడేళ్లు కాలేజీకి వెళ్లడం, ఏడాది చివర పరీక్షలు రాయడం. ఇప్పుడు డిగ్రీని క్రెడిట్లలో కొలుస్తున్నారు. ధాన్యాన్ని కుంచాలతో కొలిచినట్టు, చదువును గంటలతో కొలిచే కొలమానం అన్నమాట. 2023 ఏప్రిల్‌లో విడుదలైన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాది చదువు అంటే 1,200 గంటలు, 40 క్రెడిట్లు. ఒక క్రెడిట్‌కు 30 గంటల శ్రమ. యూజీసీ నిబంధనల్లో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి.

ఈ 30 గంటలంటే క్లాసులో కూర్చున్న గంటలు మాత్రమే కావు. పాఠం చదవడం, నోట్సు రాసుకోవడం, అసైన్‌మెంట్ చేయడం, పరీక్షకు సిద్ధం కావడం అన్నీ కలిపి. కొలత గంటల్లోకి మారగానే ఒక కొత్త వీలు ఏర్పడింది. చదువు ఎక్కడ జరిగిందన్నది రెండో మాట అయింది. ఎంత నేర్చుకున్నాడు, దాన్ని పరీక్షలో చూపించాడా లేదా అన్నది మొదటి మాట అయింది.

సంపాదించిన క్రెడిట్లు దాచుకోవడానికి ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’ 2021 జులైలో మొదలైంది. డబ్బు దాచుకునే పాస్‌బుక్‌లాగే ఇది చదువు పాస్‌బుక్. మన బడిలో మీ సంతకంతో అనుమతి పత్రం తీసుకుని పిల్లలకు చేయించిన 12 అంకెల ‘అపార్’ ఐడీ గుర్తుందా? ఈ ఖాతాకు తాళంచెవి అదే. బ్యాంకులో చేరిన క్రెడిట్లు మామూలుగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. మధ్యలో చదువు ఆగినా, ఊరు మారినా అప్పటిదాకా చేసినది వృథా కాదు.

ఈ ఆలోచన ఎక్కడిది?

సైనికుడి చదువును పరీక్షలతో, క్రెడిట్లతో లెక్కించడం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో బలపడింది. చదువు మధ్యలో వదిలి యుద్ధానికి వెళ్లిన యువకుల కోసం 1942లో అక్కడి సైన్యం దూరవిద్యా సంస్థను నడిపింది. సైనిక శిక్షణలో ఏ కోర్సుకు ఎన్ని కాలేజీ క్రెడిట్లు ఇవ్వవచ్చో సూచించే పని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఆ దశకంలోనే చేపట్టింది. 1967లో కాలేజ్ బోర్డు ‘క్లెప్’ పరీక్షలు మొదలుపెట్టింది. ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, బిజినెస్ లా వంటి ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో పరీక్ష. 20 నుంచి 80 వరకు ఉండే స్కోరులో 50 తెచ్చుకుంటే, అంగీకరించే కాలేజీలు సాధారణంగా మూడు క్రెడిట్లు ఇస్తాయి. క్లాసుకు వెళ్లక్కర్లేదు. సర్వీసులో ఉన్నవాళ్లకు మొదటిసారి పరీక్ష ఫీజు అక్కడి రక్షణ శాఖే కడుతుంది. అలా ఒక్కో పరీక్ష రాస్తూ, శిక్షణ క్రెడిట్లు కలుపుకుంటూ బిజినెస్ డిగ్రీ పూర్తిచేసిన సైనికులు అక్కడ చాలామంది ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన మన బంధువుల పిల్లలు అక్కడి సైన్యంలో చేరితే వారికి ఈ దారి ఉంటుంది.

మన దగ్గర దూరవిద్య కొత్తదేమీ కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడు దానికి డాక్టర్ బీఆర్ అంబేద్కర్ పేరు ఉంది. 1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఏర్పడింది. సైనికుల డిగ్రీ విషయంలో ఇప్పుడు మనకు ముఖ్యమైనది ఈ ఇగ్నోయే. దాని ప్రాంతీయ కేంద్రం మన విశాఖపట్నంలోనే ఉంది.

అగ్నివీర్ డిగ్రీ: సగం, సగం

అగ్నిపథ్ ప్రకటించిన మర్నాడే, 2022 జూన్ 15న, కేంద్ర విద్యాశాఖ అగ్నివీరుల కోసం మూడేళ్ల ప్రత్యేక డిగ్రీని ప్రకటించింది. దాని స్వరూపం ఇది.

• డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో 50 శాతం సర్వీసులో పొందిన నైపుణ్య శిక్షణ నుంచి వస్తాయి. అది సాంకేతిక శిక్షణ కావచ్చు, మరొకటి కావచ్చు.

• మిగతా 50 శాతం ఇగ్నో కోర్సుల నుంచి రావాలి. భాషలు, ఆర్థికశాస్త్రం, చరిత్ర, ప్రభుత్వ పాలన, గణితం, కామర్స్, టూరిజం, వ్యవసాయం వంటి వాటి నుంచి కోర్సులు ఉంటాయి. పర్యావరణ అధ్యయనం, ఇంగ్లిష్ కమ్యూనికేషన్ కూడా చదవాలి.

• మొదటి ఏడాది కోర్సులు పూర్తయితే సర్టిఫికెట్, రెండేళ్లవి పూర్తయితే డిప్లొమా, అన్నీ పూర్తయితే డిగ్రీ. మధ్యలో ఆగిపోయినా చేతిలో ఏదో ఒక పత్రం ఉంటుంది.

• డిగ్రీ ఇచ్చేది ఇగ్నో. దీనికి యూజీసీ, ఏఐసీటీఈ, ఎన్‌సీవీఈటీల గుర్తింపు ఉంది.

ఈ వరుసలో బీఏ, బీకాం, బీఎస్సీ ‘అప్లైడ్ స్కిల్స్’ డిగ్రీలు ఉన్నాయి. బిజినెస్ వైపు ఆసక్తి ఉన్నవాళ్లకు బీకాం అప్లైడ్ స్కిల్స్ నేరుగా సరిపోతుంది. వాటితోపాటు బీఏలోనే టూరిజం మేనేజ్‌మెంట్‌తో ఒకటి, చిన్న, మధ్యతరహా పరిశ్రమల నిర్వహణతో మరొకటి ఉన్నాయి. మన కొండ ప్రాంతపు పిల్లలకు ఈ రెండూ ఎంత దగ్గరివో కింద చెబుతాను.

నమోదు మామూలు విద్యార్థిలా బయట నుంచి కాదు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఇగ్నోతో చేసుకున్న ఒప్పందం ప్రకారం పిల్లవాడు తన యూనిట్ ద్వారా పేరు ఇవ్వాలి. పది పాసై చేరినవాళ్లు ముందుగా 12వ తరగతితో సమానమైన అర్హత పొందడానికి జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, ద్వారా ఏర్పాటు ఉంది. ఇంటర్ పూర్తిచేసి వెళ్లినవాడికి ఆ మెట్టు ముందే ఎక్కినట్టే. అంటే నాలుగేళ్లలో డిగ్రీకి దొరికే సమయం ఎక్కువ. “పదితో చేరొచ్చు కదా, ఇంటర్ ఎందుకు?” అనే పిల్లలకు మీరు చెప్పగలిగే గట్టి కారణం ఇదే.

రెండో సగం ఎంత పని?

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. 120 క్రెడిట్లలో సగం 60. క్రెడిట్‌కు 30 గంటల చొప్పున 1,800 గంటలు. చేరిన మొదటి ఆరు నెలలూ కఠినమైన శిక్షణలో పోతాయి, పుస్తకం పట్టే వీలుండదు అనుకుందాం. మిగిలేది 42 నెలలు. అంటే నెలకు దాదాపు 43 గంటలు, రోజుకు దాదాపు గంటన్నర. ఆదివారాలు, సెలవులు అన్నీ కలుపుకుంటేనే ఈ లెక్క.

రోజుకు గంటన్నర వినడానికి తేలికే. కానీ తెల్లవారుజామున పీటీ, పగలు పరేడ్, డ్యూటీ, రాత్రి కాపలా ఉన్న కుర్రాడికి అది తేలిక కాదు. పోస్టింగ్ ఎత్తైన మంచు ప్రాంతంలో పడితే కొన్ని నెలలు అసలు కుదరకపోవచ్చు. ఏడాదికి 30 రోజుల సెలవు ఉంటుంది. ఇంటికి వచ్చిన ఆ నెలలో పెళ్లిళ్లు, పండగలు, స్నేహితులు ఉంటారు. ఇవన్నీ దాటి చదవాలంటే ఎవరూ అడగకుండా, ఎవరూ పాఠం చెప్పకుండా, పుస్తకం తెరిచే అలవాటు ఉండాలి.

ఇగ్నో పద్ధతిలో ఎక్కువ కోర్సులకు అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం వెయిటేజీ ఉంటుంది. చివరి పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. అసైన్‌మెంట్ అంటే గైడు చూసి దించేది కాదు. ప్రశ్న చదివి, పాఠం అర్థం చేసుకుని, సొంత వాక్యాల్లో రెండు మూడు పేజీలు రాయడం. పాఠాలు ఇగ్నో వారి ‘ఈజ్ఞాన్‌కోశ్’లో ఉచితంగా దొరుకుతాయి. సిగ్నల్ ఉన్న చోట ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే, లేని చోట చదువుకోవచ్చు. టైడా స్టేషన్ దాటగానే ఫోన్ పోయే మన ప్రాంతంవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

కామర్స్ పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్, హిందీలలో ఉంటాయి. ఇంట్లో కువి లేదా ఆదివాసీ ఒడియా, ఊళ్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మాట్లాడే మన పిల్లలకు కొత్త భాషంటే భయం తక్కువ. అది వాళ్ల బలం. కానీ మాట్లాడటం వేరు, ఒక పేజీ తప్పుల్లేకుండా రాయడం వేరు. ఇంగ్లిష్ టీచరుగా నేను ఎక్కువ పట్టుబట్టేది ఈ రెండో దాని గురించే.

బిజినెస్ డిగ్రీయే ఎందుకు?

“తుపాకీ పట్టేవాడికి బీకాం ఎందుకు?” అని ఒక నాన్నగారు నవ్వుతూ అడిగారు. మంచి ప్రశ్నే.

సైన్యంలో తుపాకీ పట్టే పని ఎంతో, సరుకు లెక్క చూసే పని కూడా అంత. రేషన్, ఇంధనం, దుస్తులు, విడిభాగాలు అన్నిటికీ స్టాక్ లెడ్జర్ ఉంటుంది. ఏది ఎప్పుడు వచ్చింది, ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది అన్నది రాతపూర్వకంగా తేలాలి. ముందు వచ్చిన సరుకు ముందు వాడాలన్న నియమం కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలో ఒక పాఠం. స్టోర్‌లో పనిచేసే జవానుకు అది రోజువారీ పని. పనిలో చూసింది పుస్తకంలో కనిపించినప్పుడు పాఠం త్వరగా ఎక్కుతుంది.

రెండో కారణం ఇంకా పెద్దది. ఆ 11.71 లక్షలు. ఇరవై రెండేళ్లకే అంత మొత్తం ఒకేసారి ఖాతాలో పడటం మన ఇళ్లలో చాలామందికి మొదటిసారి. కారు కొనమనేవాళ్లు, అప్పు అడిగేవాళ్లు, ఏడాదిలో రెట్టింపు చేస్తామనేవాళ్లు అందరూ వస్తారు. చక్రవడ్డీ ఎలా పెరుగుతుందో, లాభనష్టాల పట్టిక ఎలా చదవాలో, పెట్టుబడికీ ఖర్చుకూ తేడా ఏమిటో తెలిసిన పిల్లవాడు ఆ డబ్బును నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ.

టైడా చుట్టుపక్కలే చూడండి. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు ఇటుగానే వెళ్తుంది. పర్యాటకులు వస్తారు. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ, మిరియాలు, పసుపు, హోమ్‌స్టే, ట్రావెల్స్, చిన్న హోటల్ ఏది పెట్టాలన్నా ధర కట్టడం, బిల్లు రాయడం, జీఎస్టీ, బ్యాంకు లోను పత్రాలు తెలియాలి. టూరిజం మేనేజ్‌మెంట్, చిన్న పరిశ్రమల నిర్వహణ డిగ్రీలు మన పిల్లలకు దగ్గరివి అని అందుకే అన్నాను. ఉద్యోగం దొరికితే మంచిదే. దొరకకపోయినా సొంత ఊళ్లో నిలబడే దారి ఉండాలి.

పొరబడకూడని రెండు విషయాలు

ఒకటి. మన ఊళ్లలో పాత ఎక్స్‌సర్వీస్‌మెన్ మావయ్యలు “నాకు డిగ్రీతో సమానమని సైన్యమే సర్టిఫికెట్ ఇచ్చింది” అని చెబుతుంటారు. వాళ్లు చెప్పేది నిజమే. పదో తరగతి అర్హతతో కనీసం 15 ఏళ్లు సర్వీసు చేసిన మాజీ సైనికులు, డిగ్రీ అడిగే గ్రూప్-సి ఉద్యోగాలకు అర్హులయ్యే ఏర్పాటు కేంద్రంలో ఉంది. కానీ అది 15 ఏళ్ల వాళ్లకు. నాలుగేళ్ల అగ్నివీర్‌కు అది వర్తించదు. పైగా అది ఉద్యోగ అర్హత కోసం ఇచ్చే వెసులుబాటు, విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీ కాదు. పాత అనుభవంతో కొత్త పిల్లలకు భరోసా ఇవ్వవద్దు.

రెండు. ‘వన్ సిట్టింగ్ డిగ్రీ’ ప్రకటనలు. ఏడాదిలోనో, ఒకే దఫా పరీక్షలతోనో మూడేళ్ల డిగ్రీ ఇప్పిస్తామనే ఏజెంట్లు జవాన్లను, వాళ్ల కుటుంబాలను ఎక్కువగా వెతుక్కుంటూ వస్తారు. సమయం లేని వాళ్లని తెలుసు, చేతిలో జీతం ఉందని తెలుసు. క్రెడిట్ బదిలీ అనే మంచి మాటనే వాళ్లు వాడుకుంటారు. మన దేశంలో మూడేళ్ల డిగ్రీ ఒక్క సిట్టింగులో రాదు. ఏ దూరవిద్యా కోర్సుకైనా డబ్బు కట్టే ముందు యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ విశ్వవిద్యాలయం పేరు, ఆ కోర్సు పేరు, ఆ ఏడాది మూడూ కలిసి ఉన్నాయో లేదో చూడండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా యూజీసీయే విడుదల చేస్తుంది.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

దూరవిద్య డిగ్రీకి రెగ్యులర్ డిగ్రీతో సమానమైన విలువ ఉందా?
ఉంది. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. ఐఐఎంలలో ప్రవేశానికి రాసే క్యాట్‌కు జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం ఉండాలి. కాబట్టి పాసైతే చాలనుకోకుండా మార్కులూ చూసుకోవాలి.

అమ్మాయిలకు ఈ అవకాశం ఉందా?
ఉంది. నేవీ, ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్‌లలోనూ, ఆర్మీలో మిలిటరీ పోలీసు విభాగంలోనూ అమ్మాయిలను తీసుకుంటున్నారు. ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ ముగించిన నేవీ మొదటి బ్యాచ్‌లోనే అమ్మాయిలు ఉన్నారు.

కామర్స్ చదవాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి?
ఆర్మీలో క్లర్క్, స్టోర్‌కీపర్ విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. కానీ మొత్తం మీద 60 శాతం, ప్రతి సబ్జెక్టులో 50 శాతం కావాలి. ఇంగ్లిష్‌లోనూ, గణితం లేదా అకౌంట్స్‌లోనూ 50 శాతం తప్పనిసరి. టెక్నికల్ విభాగానికి ఎంపీసీ సబ్జెక్టులు కావాలి. ఇంకా నిర్ణయించుకోని పిల్లలకు ఎంఈసీ మధ్యేమార్గం. గణితమూ ఉంటుంది, కామర్సూ ఉంటుంది. నోటిఫికేషన్ ఏటా మారవచ్చు కాబట్టి, దరఖాస్తుకు ముందు ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లో ఆ ఏడాది నియమాలు చదవండి. మన జిల్లావాళ్లకు విశాఖపట్నంలోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు వర్తిస్తుంది.

ఆఫీసరుగా వెళ్లాలంటే?
ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ పరీక్ష ఉంది. అక్కడి మూడేళ్ల శిక్షణతోపాటు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ వస్తుంది. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపుతో ఇంటర్ చదివినా రాయవచ్చు. పిల్లవాడి మార్కులు బాగుంటే అగ్నివీర్ కంటే ముందు ఈ పరీక్ష గురించి ఆలోచించండి.

నాలుగేళ్లలో డిగ్రీ పూర్తి కాకపోతే?
అప్పటివరకు వచ్చిన క్రెడిట్లు, సర్టిఫికెట్ లేదా డిప్లొమా ఉంటాయి. సర్వీసు వదిలి వచ్చే ముందే యూనిట్ నుంచి శిక్షణ, నైపుణ్య ధ్రువపత్రాలన్నీ తీసుకోవాలి. ఇంటికి వచ్చాక వాటి కోసం తిరగడం కష్టం. మిగతా కోర్సులు ఎలా ముగించాలో విశాఖపట్నంలోని ఇగ్నో ప్రాంతీయ కేంద్రంలో అడగవచ్చు.

ఇప్పటి నుంచి మనం చేయగలిగినవి

8, 9 తరగతులు: పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, అపార్‌లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండేలా చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటే ఇప్పుడే మాకు చెప్పండి. రిక్రూట్‌మెంట్‌లోనూ, క్రెడిట్ ఖాతాలోనూ ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఇక్కడే.

10వ తరగతి: రోజుకు 40 నిమిషాలు ఫోను, ట్యూషను, గైడు లేకుండా ఒక పాఠం తానే చదివి, పది వాక్యాల్లో రాయమనండి. మీరు దిద్దనక్కర్లేదు. వారానికి ఒకసారి నాకు గానీ, క్లాస్ టీచరుకు గానీ పంపితే చాలు.

ఇంటర్: ఇంటి ఖర్చు పుస్తకం పిల్లవాడి చేతికివ్వండి. నెలకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. బీకాం మొదటి పాఠం అదే.

సర్వీసులో చేరాక: ఫోన్ చేసినప్పుడు “తిన్నావా?” అన్న తర్వాత “ఈ జూన్‌కి ఎన్ని పేపర్లు రాస్తున్నావు?” అని కూడా అడగండి. జూన్, డిసెంబరు పరీక్షల తేదీలు ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. సెలవుకు వచ్చిన నెలలో ఉదయం రెండు గంటలు వాడి పుస్తకానికి వదిలేయండి.

దేశానికి సేవ చేయాలనుకునే పిల్లలను ఆపమని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వెళ్లేవాడు ఇంటర్ మెమోతోపాటు ఒంటరిగా చదువుకోగల అలవాటు కూడా తీసుకువెళ్లాలి. మీ పిల్లల్లో ఎవరికైనా ఈ ఆలోచన ఉంటే వచ్చే పేరెంట్స్ మీటింగుకు పదో తరగతి లేదా తాజా మార్కుల జాబితా, ఆధార్, అపార్ నంబరు తెచ్చుకోండి. పేర్లు సరిచూసి, గ్రూపు ఎంపిక గురించి విడిగా మాట్లాడుకుందాం.